తాళం బొమ్మ వెనక జాబితా

కొన్నేళ్ళ క్రితం మా మేనకోడలి చేత ఒక పోటీ పరీక్షకి దరఖాస్తు పెట్టించడానికి వీధి చివరి నెట్ సెంటర్‌కి వెళ్ళాను. అదొక ప్రభుత్వ కార్యాలయం వెబ్‌సైట్. తెరవగానే తెరంతా పరుచుకుని ఒక హెచ్చరిక వచ్చింది. ఈ సైట్‌ని నమ్మడానికి వీల్లేదు, మీ వివరాలు ఎవరైనా దొంగిలించవచ్చు అని దాని సారాంశం. అమ్మాయి భయపడి మౌస్ వదిలేసింది. సెంటర్ నడిపే కుర్రాడు మాత్రం తల తిప్పకుండానే, "అది అట్లనే వస్తది సార్. కొన్ని గవర్నమెంట్ సైట్లు అంతే. కింద అడ్వాన్స్‌డ్ అని ఉంటది చూడండి, అది నొక్కి ముందుకు పోండి" అన్నాడు. పోయాం. ఆధార్ నంబరు, పుట్టిన తేదీ, ఫోటో, సంతకం అన్నీ ఎక్కించి, ఫీజు కట్టి, రసీదు తీసుకుని ఇంటికొచ్చాం.

తర్వాత ఏ గొడవా రాలేదు. కానీ నాకు ఒక ప్రశ్న మిగిలిపోయింది. ప్రభుత్వాన్ని నమ్మొద్దని నాకు చెప్పడానికి ఈ బ్రౌజర్ ఎవరు? ఆ అధికారం దానికి ఎవరిచ్చారు? ఆ రాత్రి ఫైర్‌ఫాక్స్ సెట్టింగుల్లో వెతుక్కుంటూ పోతే ఒక జాబితా దొరికింది. నా తరఫున ఆ బ్రౌజర్ ఎవరెవర్ని నమ్ముతోందో ఆ పేర్లు. వందకు పైనే ఉన్నాయి. అందులో స్పెయిన్ దేశపు టంకశాల ఉంది, హాంకాంగ్ తపాలా శాఖ ఉంది, తైవాన్ టెలికాం కంపెనీ ఉంది. బెంగళూరుకి చెందిన ఈముద్ర అనే కంపెనీని ఆ తర్వాత చేర్చారు. భారత ప్రభుత్వం మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ జాబితా ఎలా పుట్టింది, అందులోకి ఎవరు ఎలా వచ్చారు, ఎవరు ఎలా పోయారు అన్నదే ఈ వ్యాసం.

ముందు అసలు సమస్య ఏమిటో చూద్దాం. అడ్రస్ బార్‌లో కనిపించే తాళం బొమ్మకి అర్థం, మనం పంపే సమాచారం దారిలో ఎవరూ చదవకుండా గుప్తంగా వెళుతోంది అని. అది సగం మాటే. సమాచారాన్ని ఎంత పటిష్ఠంగా మూటగట్టినా, ఆ మూట విప్పే తాళంచెవి దొంగ చేతిలో ఉంటే ఏం లాభం? అవతలి కొసన ఉన్నది నిజంగా మన బ్యాంకేనా, లేక మధ్యలో కూర్చుని బ్యాంకు వేషం వేసినవాడా అన్నది తేలాలి. దానికి ఒక మధ్యవర్తి కావాలి. "ఈ డొమైన్ పేరు, ఈ తాళంచెవి ఒకరివే" అని సంతకం చేసి ఇచ్చే ఆ మధ్యవర్తినే సర్టిఫికేట్ అథారిటీ అంటారు. ధ్రువీకరణ సంస్థ అందాం.

మార్కుల జాబితా జిరాక్సుల మీద గెజిటెడ్ ఆఫీసరు చేత సంతకం పెట్టించుకోవడానికి తిరగడం నా తరం వాళ్ళందరికీ అనుభవమే. ఆకుపచ్చ సిరా, గుండ్రటి స్టాంపు. ఎక్కడో దరఖాస్తు అందుకునే గుమస్తా నన్ను ఎప్పుడూ చూడలేదు. ఆ ఆఫీసరునీ చూడలేదు. అయినా ఆ సంతకం చెల్లుతుంది, ఎందుకంటే ఆఫీసరు హోదా ప్రభుత్వ గెజిట్‌లోంచి వచ్చింది. ఇంటర్నెట్‌కి అలాంటి గెజిట్ లేదు. బ్రౌజర్లు తయారుచేసేవాళ్ళు తమకు తాము రాసుకున్న జాబితాయే దానికి గెజిట్. జాబితాలో ఉన్నది మూల సంస్థ. అది తన కింద ఉపసంస్థలకి సంతకం పెడుతుంది, ఆ ఉపసంస్థలు వెబ్‌సైట్లకి పెడతాయి. బ్రౌజర్ ఆ సంతకాల గొలుసుని పట్టుకుని పైకి వెళ్ళి, చివర తనకు తెలిసిన పేరు కనిపిస్తే తాళం బొమ్మ చూపిస్తుంది. కనిపించకపోతే మా అమ్మాయిని భయపెట్టిన హెచ్చరిక చూపిస్తుంది.

ఇందులో ఒక పెద్ద లొసుగు ఉంది. జాబితాలో ఉన్న ఏ సంస్థయినా ప్రపంచంలోని ఏ డొమైన్‌కైనా సర్టిఫికేట్ ఇవ్వగలదు. ఏ ఊరి సబ్ రిజిస్ట్రారైనా దేశంలో ఎక్కడి భూమినైనా ఎవరి పేరనైనా రాసేయగలిగితే ఎలా ఉంటుందో ఊహించండి. అన్ని ఆఫీసులూ నిజాయితీగా ఉంటే సరిపోదు. ఒక్క ఆఫీసులో బీరువా తాళం బలహీనంగా ఉన్నా అందరి పొలాలకీ ప్రమాదమే.

ఈ ఏర్పాటుని ఎవరూ కూర్చుని దీర్ఘంగా ఆలోచించి చేయలేదు. 1994లో నెట్‌స్కేప్ కంపెనీ బ్రౌజర్ తయారుచేస్తూ, వెబ్ మీద జనం క్రెడిట్ కార్డుతో కొనుక్కోవాలంటే భద్రత ఉండాలని ఎస్ఎస్ఎల్ అనే పద్ధతి రూపొందించింది. అవతలివాడు ఎవరో చెప్పే సంస్థ ఒకటి కావాలి కదా. అప్పట్లో గుప్తలేఖన శాస్త్రంలో పేరున్న కంపెనీ ఆర్ఎస్ఏ డేటా సెక్యూరిటీ. 1994 నవంబరు 9 తేదీ వేసుకుని ఆ కంపెనీ పేర తయారైన మూల సర్టిఫికేట్, 2010 జనవరి దాకా చెల్లుబాటయ్యేలా, బ్రౌజర్లలోకి ఎక్కింది. మరుసటి సంవత్సరం ఆర్ఎస్ఏ ఈ వ్యాపారాన్ని విడదీసి వెరిసైన్ అనే కంపెనీని పెట్టింది. జాబితా అలా దాదాపు ఒక్క పేరుతో మొదలయింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

తర్వాత పేర్లు పెరిగాయి. మైక్రోసాఫ్ట్ తన జాబితా తను పెట్టుకుంది, ఆపిల్ తనది తను. నెట్‌స్కేప్ కూలిపోతూ తన కోడ్‌తో పాటు జాబితాని కూడా మొజిల్లాకి వారసత్వంగా ఇచ్చింది. మొజిల్లా లాభాపేక్ష లేని సంస్థ. డబ్బు తీసుకుని చేర్చుకోవడం దాని పద్ధతికి సరిపడదు. మరి దేన్ని బట్టి చేర్చుకోవాలి, దేన్ని బట్టి కాదనాలి? ఫ్రాంక్ హెకర్ అనే ఆయన పూనుకుని రాసిన నియమావళి 2005లో స్థిరపడింది. ఆడిటర్ల నివేదిక చూపించాలి, సర్టిఫికేట్ ఇచ్చే ముందు ఏమేం పరీక్షిస్తారో ప్రకటించాలి, దరఖాస్తు మీద అందరి ముందూ చర్చ జరగాలి. ఎవరైనా వచ్చి ప్రశ్న వేయొచ్చు. మిగతా కంపెనీల జాబితాలు లోపల తయారవుతుంటే, ఇదొక్కటి రచ్చబండ మీద తయారవడం మొదలయింది. అయితే ఆ ప్రశ్నలకి పదును రావడానికి 2011 దాకా ఆగాల్సి వచ్చింది.

నెదర్లాండ్స్‌లో బెవర్వైక్ అని ఒక చిన్న పట్టణం. అక్కడ డిజినోటార్ అనే సంస్థ ఉండేది. దస్తావేజులు ధ్రువీకరించే నోటరీల కోసం 1998లో పుట్టి, క్రమంగా డచ్ ప్రభుత్వ వెబ్‌సైట్లకి సర్టిఫికేట్లు ఇచ్చే స్థాయికి ఎదిగింది. 2011 జూన్ 17న ఎవరో దాని వెబ్ సర్వర్లలోకి దూరారు. అక్కణ్ణుంచి మెల్లగా లోపలికి జరిగి, సంతకాలు పెట్టే యంత్రాల దాకా చేరారు. జులై 10న గూగుల్ డొమైన్లన్నిటికీ పనికొచ్చే ఒక దొంగ సర్టిఫికేట్ పుట్టింది. మొత్తం మీద అలా పుట్టినవి కనీసం 531. జులై 19న డిజినోటార్‌కి విషయం తెలిసింది. తాము గుర్తించినవాటిని రద్దు చేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. గూగుల్ పేరు మీద ఉన్నది వాళ్ళ లెక్కలోకి రానేలేదు.

ఆగస్టు చివరివారంలో ఇరాన్‌లో ఒక మామూలు మనిషి జీమెయిల్ తెరవబోతే క్రోమ్ ఒప్పుకోలేదు. గూగుల్ అప్పటికి కొన్ని నెలల ముందే తన సైట్లకి ఏయే సంస్థల సంతకాలు చెల్లుతాయో క్రోమ్‌లో ప్రత్యేకంగా రాసి పెట్టుకుంది. డిజినోటార్ అందులో లేదు. ఆ మనిషి తన తెర మీద కనిపించిన సర్టిఫికేట్‌ని నలుగురికీ చూపించి, ఇదేమిటని గూగుల్‌ని అడిగారు. అప్పుడు బయటపడింది మొత్తం కథ. తర్వాత ఫాక్స్ ఐటీ అనే డచ్ సంస్థ చేసిన దర్యాప్తులో తేలిందేమంటే, ఆ దొంగ సర్టిఫికేట్‌ని ఎదుర్కొన్న చిరునామాలు దాదాపు 3 లక్షలు, వాటిలో 99 శాతం ఇరాన్‌వి. క్రోమ్ కాక వేరే బ్రౌజర్ వాడుతున్నవాళ్ళందరికీ తాళం బొమ్మ మామూలుగానే కనిపించింది. వాళ్ళు ఎవరికేం రాసుకున్నారో, ఏ మీటింగు ఎక్కడ పెట్టుకున్నారో మధ్యలో కూర్చున్నవాళ్ళు చదవగలిగేవాళ్ళు. ఒక ఉత్తరం బయటపడితే మనిషి జైలుకి పోయే దేశాల్లో దీని ఖరీదు డబ్బుతో లెక్కపెట్టేది కాదు. బెవర్వైక్‌లో ఆ సర్వర్ల మీద యాంటీవైరస్ లేదు, పాస్‌వర్డ్ బలహీనమైనది, సంతకాల యంత్రాలన్నీ ఒకే నెట్‌వర్క్ అధికారం కింద ఉన్నాయి. ఆ పట్టణం పేరు కూడా వినని మనుషులు వేల మైళ్ళ అవతల ఆ నిర్లక్ష్యానికి బలయ్యారు.

బ్రౌజర్లు డిజినోటార్‌ని జాబితాలోంచి తీసేశాయి. అయితే డచ్ ప్రభుత్వానికి సంబంధించిన శాఖని మాత్రం మొజిల్లా మొదట మినహాయించింది. తీసేస్తే దేశంలో ప్రభుత్వ సేవలు ఆగిపోతాయన్నది వాదన. కొద్దిరోజుల్లోనే ఆ మినహాయింపూ పోయింది. సెప్టెంబరు 3 తెల్లవారుజామున ఒంటిగంట దాటాక హోంమంత్రి పీట్ హైన్ డోనర్ పత్రికలవాళ్ళని పిలిచి, ప్రభుత్వ వెబ్‌సైట్ల భద్రతకి హామీ ఇవ్వలేమని చెప్పాల్సి వచ్చింది. సెప్టెంబరు 20న డిజినోటార్ దివాలా తీసింది. ఈ సంస్థల దగ్గర అమ్ముకోవడానికి ఉన్న సరుకు ఒక్కటే, జాబితాలో తమ పేరు. అది పోయాక దాదాపు మూడు వారాలే బతికింది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 2000 నాటి ఐటీ చట్టం కింద మన దగ్గర కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ అనే కార్యాలయం ఏర్పడింది. సీసీఏ అంటారు. దాని కింద లైసెన్సు పొందిన సంస్థల్లో హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ ఒకటి, ఢిల్లీ ఎన్ఐసీ ఒకటి. టెండర్లు వేసే కాంట్రాక్టర్లూ ఆడిటర్లూ కంప్యూటర్‌కి గుచ్చుకునే డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ వెనక ఉన్నది ఈ ఏర్పాటే. సంతకం వరకూ చట్టం దానికి పూర్తి బలం ఇచ్చింది. బ్రౌజర్లు నమ్మడం మాత్రం వేరే విషయం. మైక్రోసాఫ్ట్ సీసీఏని తన జాబితాలో చేర్చుకుంది. మొజిల్లా చేర్చుకోలేదు.

2014 జులై 2న గూగుల్ తన డొమైన్ల పేర మళ్ళీ దొంగ సర్టిఫికేట్లు చూసింది. ఈసారి సంతకం ఎన్ఐసీది, దాని పైన సీసీఏది. మరునాడే సీసీఏ ఎన్ఐసీ అధికారాన్ని రద్దు చేసింది, అది మెచ్చుకోవలసిన వేగమే. ఎన్ఐసీ జారీ ప్రక్రియలోకి ఎవరో చొరబడ్డారని, తప్పుగా పుట్టినవి నాలుగేనని సీసీఏ చెప్పింది. తమకు అంతకంటే ఎక్కువే కనిపించాయని గూగుల్ అంది. తర్వాత మైక్రోసాఫ్ట్ గూగుల్, యాహూ డొమైన్ల పేర ఉన్న 45 సర్టిఫికేట్లని రద్దు జాబితాలో పెట్టింది. పెద్ద ఎత్తున దుర్వినియోగం జరిగిన ఆనవాళ్ళు లేవని గూగుల్ అన్నది మన అదృష్టం. జాబితాలో సీసీఏ లేని ఫైర్‌ఫాక్స్ వాడినవాళ్ళకి ఈ గొడవ అసలు తగల్లేదు.

ఆ తర్వాత గూగుల్ చేసిన పని నన్ను చాలాకాలం ఆలోచనలో పెట్టింది. సీసీఏ సంతకం ఇక మీదట ఏడు డొమైన్ల కింద మాత్రమే చెల్లేలా క్రోమ్‌ని మార్చింది. అందులో ప్రభుత్వానివి, విద్యాసంస్థలవి, రిజర్వ్ బ్యాంకుది ఉన్నాయి, ఇంకో మూడు నాలుగు. అంటే సబ్ రిజిస్ట్రారు తన మండలం దాటకూడదని కట్టడి చేసినట్టు. కాలిఫోర్నియాలోని ఒక కంపెనీ భారత ప్రభుత్వ సంతకానికి సరిహద్దు గీసింది! మొదట నాకు కోపమే వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆ కట్టడి అన్యాయమని అనలేకపోయాను. నిజానికి జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరికీ అలాంటి సరిహద్దు మొదటినుంచీ ఉండి ఉంటే బెవర్వైక్‌లో దొంగ పడ్డా ఇరాన్‌లో ఉత్తరాలు భద్రంగా ఉండేవి. నన్ను ఇబ్బంది పెట్టిన ప్రశ్న వేరే. చిన్నవాళ్ళకీ, దూరపువాళ్ళకీ వర్తించే ఈ కాఠిన్యం పెద్దవాళ్ళకి కూడా వర్తిస్తుందా?

దానికి జవాబు కొన్నేళ్ళ తర్వాత దొరికింది. ఈలోగా ఇంకో మార్పు వచ్చింది. డిజినోటార్ అనుభవంతో గూగుల్ ఇంజనీర్లు ఒక ఆలోచన చేశారు. సంస్థలు ఇచ్చే ప్రతి సర్టిఫికేట్‌నీ అందరూ చూడగలిగే, ఎవరూ చెరపలేని చిట్టాలో రాయాలి. ఊళ్ళో పొలం చేతులు మారితే ఆ కాగితం చావడి గోడకి అంటించినట్టన్నమాట. 2013లో దానికి ప్రమాణం రాశారు, 2018 ఏప్రిల్ తర్వాత ఇచ్చే ప్రతి సర్టిఫికేట్‌కీ క్రోమ్ దాన్ని తప్పనిసరి చేసింది. నా డొమైన్ పేర ఎవరైనా దొంగ కాగితం పుట్టిస్తే నాకు తెలిసే అవకాశం మొదటిసారి వచ్చింది.

ఆ చిట్టాలు తిరగేస్తున్న ఒక స్వతంత్ర పరిశోధకుడికి 2017 జనవరిలో సిమాంటెక్ ఇచ్చిన కొన్ని సర్టిఫికేట్లు తేడాగా కనిపించాయి. సిమాంటెక్ అంటే అప్పటికి ఈ వ్యాపారంలో మహావృక్షం. 2010లో వెరిసైన్ ధ్రువీకరణ వ్యాపారాన్ని 128 కోట్ల డాలర్లకి కొన్నది అదే. అంటే 1994లో జాబితాకి శ్రీకారం చుట్టిన పేరుకి వారసురాలు. 2015లో ఒకసారి గూగుల్ పేర పరీక్ష కోసమని అనుమతి లేకుండా సర్టిఫికేట్లు ఇచ్చి దొరికిపోయింది కూడా. ఈసారి విచారణ 127 సర్టిఫికేట్లతో మొదలై, సరైన పర్యవేక్షణ లేకుండా భాగస్వామి కంపెనీలు ఇచ్చినవి కనీసం 30 వేలు అనేదాకా వెళ్ళిందని గూగుల్ ప్రకటించింది. ఆ లెక్క అతిశయోక్తి అని, తప్పు 127లోనే ఉందని సిమాంటెక్ వాదించింది.

డిజినోటార్‌ని తీసేయడానికి రోజులు పట్టింది. సిమాంటెక్ విషయంలో ఏడాదిన్నర పట్టింది. ఎందుకంటే 2015 లెక్కల్లో చెల్లుబాటులో ఉన్న సర్టిఫికేట్లలో 30 శాతం పైగా దానివే. ఒక్కసారిగా తీసేస్తే ప్రపంచంలో మూడోవంతు దుకాణాలు మూతపడతాయి. అందుకని వాయిదాల మీద చేశారు. సిమాంటెక్ తన వ్యాపారాన్ని 95 కోట్ల డాలర్లకీ, కొంత వాటాకీ డిజిసర్ట్ అనే కంపెనీకి అమ్ముకుని బయటపడింది. 2018 అక్టోబరులో వచ్చిన క్రోమ్ 70తో ఆ పాత మూలాలని నమ్మడం ఆగిపోయింది. జాబితాలో మొదటి పేరు చివరికి జాబితాలోంచి పోయింది. చిన్నవాడికి దివాలా, పెద్దవాడికి 95 కోట్లు. సమన్యాయం అనలేం. కానీ పెద్దవాణ్ణి ముట్టుకోలేరన్న నా అనుమానం సగమైనా తప్పని తేలింది.

ఇవన్నీ చదివాక నాకు అర్థమైందేమంటే, ఈ జాబితా విలువ చేర్చుకోవడంలో కంటే తీసేయగలగడంలో ఎక్కువ ఉంది. ఆడిట్ నివేదిక డిజినోటార్ దగ్గరా ఉంది, సిమాంటెక్ దగ్గరా ఉంది. తేడా వచ్చినప్పుడు నిలదీసేవాళ్ళు, ఆ నిలదీత అందరికీ వినపడే చోటు, వినపడ్డాక తీసేసే ధైర్యం, ఈ మూడూ ఉంటేనే తాళం బొమ్మకి అర్థం.

అందుకే ప్రభుత్వాలు ఈ జాబితాలోకి చట్టం దారిన రావాలనుకున్నప్పుడు భయమేస్తుంది. 2019లో కజకిస్తాన్ తన మూల సర్టిఫికేట్‌ని జనం తమ ఫోన్లలో వేసుకోవాలంది. ఆ ఆగస్టులో గూగుల్, మొజిల్లా, ఆపిల్ దాన్ని అడ్డుకున్నాయి. యూరప్‌లో ప్రభుత్వాలు గుర్తించిన ఒక తరహా సర్టిఫికేట్లని బ్రౌజర్లు ఒప్పుకుని తీరాలని చట్టం వస్తుంటే 2023లో వందలమంది శాస్త్రవేత్తలు వద్దని ఉత్తరం రాశారు. చట్టం 2024లో వచ్చింది. అదే 2023 ఆగస్టులో మన ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ స్వదేశీ బ్రౌజర్ కోసం 3.41 కోట్ల రూపాయల పోటీ ప్రకటించింది. దాని షరతుల్లో ముఖ్యమైనది, బ్రౌజర్‌కి సొంత జాబితా ఉండాలి, అందులో సీసీఏ మూల సర్టిఫికేట్ ఉండాలి. 2025లో మొదటి బహుమతి జోహోకి వచ్చింది.

మనకంటూ ఒక జాబితా ఉండాలనుకోవడంలో తప్పేమీ లేదు. గూగుల్‌ని ఎవరూ ఓటేసి ఎన్నుకోలేదు. 2022 నుంచి క్రోమ్‌కి సొంత జాబితా ఉంది, జాబితాలో గూగుల్ సొంత ధ్రువీకరణ సంస్థ కూడా ఉంది. తీర్పరి, కక్షిదారు ఒకరే అయ్యే ప్రమాదం అక్కడా ఉంది. కానీ 2014 లాంటి సంగతి మళ్ళీ జరిగితే, ప్రభుత్వం షరతు పెట్టి చేర్పించుకున్న పేరుని తీసేసే చెయ్యి స్వదేశీ బ్రౌజర్‌కి ఉంటుందా? లేక డచ్ ప్రభుత్వానికి మొదట దొరికిన మినహాయింపు ఇక్కడ శాశ్వతం అవుతుందా? ఈ ప్రశ్నకి జవాబు రాసి ఉన్న షరతు నాకు కావాలి.

మా మేనకోడలు ఇప్పుడు ఉద్యోగంలో ఉంది. మొన్న మాటల్లో ఆ రోజు సంగతి వస్తే, "అడ్వాన్స్‌డ్ నొక్కేశాం కదా మావయ్యా" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఇరాన్‌లో ఆ మనిషి గుర్తొచ్చారు. ఇద్దరి ముందూ వచ్చింది అలాంటి హెచ్చరికే. మేము పని అయితే చాలనుకుని దాటుకుపోయాం. ఆయనో ఆవిడో తెలీదు, ఆగి, ఇదేమిటని అడిగారు.